విశాఖ నుంచి భీమిలి దాకా ఒడ్డు వెంట నడక: పోటూ పాటూ చూసుకుని బయల్దేరేవారికి

విశాఖపట్నం నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద బస్సులో గంటన్నరలోపు వెళ్ళిపోవచ్చు. అదే దారిని ఒడ్డు వెంట, నగరంలో రేవు వైపున్న కోస్టల్ బ్యాటరీ దగ్గర ఇసుకలో దిగి గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దాకా నడిస్తే సుమారు 27 కిలోమీటర్లు, ఒక పగలంతా పడుతుంది. ఎడమ పక్కన తూర్పుకనుమల కొసలు నీళ్ళ దాకా దిగి వస్తాయి. కుడి పక్కన బంగాళాఖాతం రోజంతా తోడుంటుంది. మధ్యలో రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధారామం ఉన్న కొండ, అలలు తొలిచిన రాతి తోరణం, చివర్లో ఎర్రమట్టి దిబ్బలు. ఇన్ని రకాల ఒడ్డు ఒక్క రోజు నడకలో దొరికే చోటు మన తీరంలో ఇంకొకటి నేను చూడలేదు.

చాలామంది ఈ నడకను తెల్లారగట్ల లేచి, బూట్లు వేసుకుని మొదలుపెట్టేస్తారు. మధ్యాహ్నానికి రాళ్ళ దగ్గర నీళ్ళు అడ్డొచ్చి, ఎండలో తారు రోడ్డెక్కి, విసిగి బస్సెక్కేస్తారు. ముందు చూసుకోవలసింది ఆ రాతి తోరణం ఉన్న మంగమారిపేట రాళ్ళ దగ్గర నీళ్ళు ఎన్ని గంటలకి వెనక్కి తగ్గుతాయన్నది. మీ అలారం ఎన్నింటికి పెట్టుకోవాలో దాన్నిబట్టే తేలుతుంది.

ముందు రోజు తేల్చుకోండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే ఇసుక సెగ కక్కుతుంది, ఉక్కపోత నడవనివ్వదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఒడ్డునే తాకింది. బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం ఉందని విన్నా సరే, ఇక్కడ ఆకాశం నీలంగా ఉన్నా సరే, ఆ వారం మానుకోండి. దూరపు గాలులు లేపిన అలలు మబ్బుల కంటే ముందొస్తాయి. హైదరాబాదులో సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తయిన అలల గురించి రోజూ హెచ్చరికలు ఇస్తుంది. ముందురోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరేముందు ఒకసారి చూడండి.

ఇక పోటూ పాటూ. మన దగ్గర రోజుకి రెండుసార్లు నీరు పోటెక్కుతుంది, రెండుసార్లు వెనక్కి తీస్తుంది, అదే పాటు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య పన్నెండున్నర గంటలకి కాస్త తక్కువ. అంటే ఈరోజు పదింటికి పాటు ఉంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉంటుంది. ఇలా జరుగుతూ జరుగుతూ 15 రోజులకి మళ్ళీ అదే గంటకి వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ దగ్గరి రోజుల్లో నీరు బాగా వెనక్కి తీస్తుంది, పోటు కూడా అంతే ఎత్తుకి వస్తుంది. సప్తమి, అష్టమి రోజుల్లో ఆ తేడా తక్కువ. విశాఖపట్నం పోటుపాట్ల వేళల పట్టికను సర్వే ఆఫ్ ఇండియా ప్రచురిస్తుంది, ఫోన్లో ఉచితంగా చూపించే యాప్‌లు కూడా చాలానే ఉన్నాయి.

నా లెక్క ఇది. మంగమారిపేట మొదలుపెట్టిన చోటు నుంచి 17, 18 కిలోమీటర్లు. గట్టి ఇసుక మీద గంటకి నాలుగు కిలోమీటర్లు, టిఫినుకీ ఊపిరికీ కలిపి గంటంపావు. పొద్దున 5:45కి బయల్దేరితే 11:30 ప్రాంతంలో అక్కడుంటాం. కాబట్టి 12కీ 1కీ మధ్య పాటు పడే రోజు కావాలి. పక్షానికి ఒకటి రెండు రోజులు అలాంటివి దొరుకుతాయి. మరీ కుదరకపోతే బయల్దేరే వేళని గంట అటూ ఇటూ జరపొచ్చు, అంతకు మించి వద్దు. చలికాలంలో ఇక్కడ ఐదున్నర ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. చీకటిపడే వేళకి ఎర్రమట్టి దిబ్బల్లో ఉండకూడదు.

సంచిలో

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. అందులో ఒక లీటరు మజ్జిగో ఉప్పు వేసిన నిమ్మరసమో అయితే మేలు. పులిహోర పొట్లం, రెండు అరటిపళ్ళు. అంచు వెడల్పుగా ఉన్న టోపీ. కాలికి, మడమ వెనక పట్టీ ఉండి, అడుగున గాళ్ళు లోతుగా ఉన్న శాండిళ్ళు. నీళ్ళలో దిగినా ఆరిపోతాయి. బూట్లయితే దారిలో తగిలే మొదటి గెడ్డలోనే, అంటే వాగులోనే, తడిసి మేజోడులో ఇసుక చేరి, పది కిలోమీటర్లు తిరక్కుండా బొబ్బలెక్కిస్తాయి. ఫోను, డబ్బులు గట్టి ప్లాస్టిక్ సంచిలో. కొబ్బరినూనె చిన్న సీసా. తొడల రాపిడికీ కాలివేళ్ళ మధ్యకీ దాన్ని మించింది లేదు.

ఎండ గురించి ఒక మాట. మనం నడిచేది ఈశాన్యంగా. పొద్దున్నంతా సూర్యుడు కుడి వైపు, నీటి మీద మెరిసిన ఎండ కూడా అటువైపే. సాయంత్రానికి కుడి చెంప, కుడి చెవి, మెడలో కుడి పక్క మండుతాయి. రుమాలు అటు జారేలా కట్టుకోండి.

కోస్టల్ బ్యాటరీ నుంచి తెన్నేటి పార్కు: మొదటి ఏడు కిలోమీటర్లు

నడక మొదలెట్టే ముందు ఒకసారి వెనక్కి చూడండి. దక్షిణాన సముద్రంలోకి ముక్కు చాచిన కొండ డాల్ఫిన్స్ నోస్. దాని చాటునే 1933లో తెరిచిన రేవు. రోజంతా ఆగిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఆ కొండని చూడటం నాకు అలవాటు. అది ఎంత చిన్నదైతే అంత దూరం వచ్చినట్టు.

ఈ భాగం నగరంలోనిదే, తొందరగా దాటేయవచ్చు. వీధి దీపాల వెలుగుంటుంది, నడకకి వచ్చిన జనం ఉంటారు. కాళీమాత గుడి, కురుసుర సబ్‌మెరైన్ దాటుతుంటే తూర్పు తెల్లబడుతుంది. ఆర్కే బీచ్‌లో కొన్నిచోట్ల ఇసుక నిట్టనిలువుగా కోసుకుపోయి, కింద పెద్ద బండరాళ్ళు పోసి ఉండటం గమనిస్తారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి అలలతోపాటు కదులుతుంది. రేవు కోసం సముద్రంలోకి కట్టిన గోడలు దాన్ని ఆపేస్తాయి. అందుకే రేవు తవ్వినప్పుడు తీసిన ఇసుకని ఈ ఒడ్డుకి పంపు చేస్తుంటారు. మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఇక్కడ ఒడ్డు చాలా వాలు. కొత్త ఇసుక మెత్తగా ఉంటే కాలు చీలమండ దాకా దిగిపోతుంది. అలాంటిచోట పట్టుదలకి పోకండి. కాలిబాట ఎక్కి బలం దాచుకోండి.

పెదజాలారిపేట దగ్గర తెప్పలు ఒడ్డుకి వస్తుంటాయి. అలివి వల లాగుతుంటే తాడు రెండు కొసలా ఇరవై, ముప్పై మంది ఉంటారు. ఆ తాడు బిగువుగా ఉన్నప్పుడు దాటబోకండి. కాసేపు ఆగండి, లేదా వెనకనుంచి చుట్టు తిరిగి వెళ్ళండి. ఆరబెట్టిన వల మీద కాలు పెట్టకండి. అది వాళ్ళ అన్నం.

కైలాసగిరి కింద రోడ్డు వదలొద్దు

తెన్నేటి పార్కు దగ్గర కొండ సముద్రంలోకి దిగుతుంది. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి లంగరు తెగి కొట్టుకొచ్చి ఈ రాళ్ళలోనే ఇరుక్కుంది. అంత ఓడనే ఎత్తి కూర్చోబెట్టిన అలలవి. ఇక్కడ పాటు వేళయినా సరే కింద రాళ్ళ మీద నడవొద్దు. రాయి నల్లగా మెరుస్తుంటే దాని మీద నాచు ఉన్నట్టే. రోడ్డు పక్కనుంచి చూస్తూ పోండి.

చూడటానికి చాలా ఉంది. ఈ రాయి ఖోండలైట్. ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. దగ్గరగా చూస్తే తుప్పు రంగు చారల మధ్య ఆవగింజంత ఎర్ర పలుకులు కనబడతాయి. అవి గార్నెట్లు. వాటిని గుర్తుపెట్టుకోండి, భీమిలి దగ్గర మళ్ళీ కనిపిస్తాయి.

జోడుగుళ్ళపాలెం నుంచి రుషికొండ: నడక నేర్చుకునే చోటు

జోడుగుళ్ళపాలెం దగ్గర మళ్ళీ ఇసుకలోకి దిగండి. అసలు నడక ఇక్కడ మొదలవుతుంది.

ఎక్కడ అడుగెయ్యాలో కాలితోనే తెలుసుకోవాలి. అల వచ్చి వెనక్కి తీసిన కొద్ది క్షణాలకి తడి ఇసుక మీద కాలు మోపండి. పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లబడి పొడారినట్టయి, మళ్ళీ తడి రంగుకి వస్తే అది గట్టి ఇసుక. అలా తెల్లబడకుండా కాలు బుడుంగున దిగిందంటే ఇంకా నీటి దగ్గరగా ఉన్నారన్నమాట, రెండడుగులు పైకి జరగండి. మరీ పైకి పోతే పొడి ఇసుక, వేగం సగానికి పడిపోతుంది. గట్టి ఇసుక పట్టీ ఒక్కోచోట మూడడుగుల వెడల్పే ఉంటుంది. నీరు తీసేకొద్దీ అది పెరుగుతుంది. పాటు వేళకి నడవమనడానికి ఇది రెండో కారణం.

ఒడ్డు ఎప్పుడూ కుడివైపుకి వాలి ఉంటుంది. రోజంతా కుడికాలు ఎడమకాలి కంటే రెండంగుళాలు కిందే పడుతుంది. పది కిలోమీటర్లకి నడుం ఎడమ పక్కన సన్నగా పోటు మొదలవుతుంది. అది రాకముందే, అరగంటకొకసారి రోడ్డు అంచుకి ఎక్కి ఓ పది నిమిషాలు సమతలంగా నడవండి.

దారిలో గెడ్డలు తగులుతాయి. వానలు లేని కాలంలో చీలమండ లోతు మించవు. గెడ్డ ఇరుకుగా ఉన్నచోట లోతు, నీటి వడి కూడా ఎక్కువ. సముద్రంలో కలిసే ముందు చేతివేళ్ళలా విప్పారి పారేచోట దాటాలి. నగరం మురుగు కలిసినవి కొన్ని ఉన్నాయి, వాసనే చెబుతుంది. కాలికి గాయం ఉంటే అలాంటివి దాటొద్దు, రోడ్డు మీది వంతెన ఎక్కండి.

జనవరి నుంచి మార్చి దాకా సాగర్ నగర్, జోడుగుళ్ళపాలెం ప్రాంతాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. తెల్లవారుజామున ఇసుకలో ట్రాక్టరు చక్రం పోయినట్టు వెడల్పాటి జాడ నీళ్ళ నుంచి పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగి కనబడితే అది తల్లి తాబేలు జాడ. దాని పై కొస దగ్గర తవ్వకండి, తొక్కకండి. అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లు సేకరించి కంచె వేసిన చోట పొదిగిస్తారు. చచ్చిపడిన తాబేళ్ళు కూడా కనబడతాయి. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

రుషికొండలో టిఫిను. ఇక్కడ అరగంట నిజంగా కూర్చోండి, కాళ్ళు కడిగి ఆరబెట్టండి, వేళ్ళ మధ్య నూనె రాయండి. నీళ్ళ సీసాలు నింపుకోండి. ఈత కొడదామనిపిస్తుంది. గుర్తు పెట్టిన హద్దుల్లో, రక్షకులు ఉన్నచోట మాత్రమే దిగండి. ఈ తీరమంతా లాగుడు ప్రవాహాలున్నాయి. అలలు విరుగుతున్న వరసలో ఒకచోట మాత్రం అల విరగకుండా నీరు నున్నగా, కాస్త మురికిగా కనిపిస్తే అక్కడే అది లోపలికి లాగుతోందని గుర్తు. అనుకోకుండా అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. మోకాళ్ళ లోతులో ఆడుకుంటూ కొట్టుకుపోయిన పిల్లల వార్తలు ఈ ఊరివాళ్ళం ఎన్ని చదవలేదు!

మంగమారిపేట రాళ్ళు

తిమ్మాపురం దాటాక ఊరి సందడి తగ్గుతుంది. సరుగుడు చెట్ల హోరు, ఇసుక మీద పాకిన బాలబంద తీగల ఊదా పూలు. ముందు నల్లటి రాళ్ళ గుంపు కనబడుతుంది. మంగమారిపేట జాలర్ల ఊరు ఆ పక్కనే. రాళ్ళ కొసన అలలు తొలిచిన సహజ శిలా తోరణం ఉంది. పోటు వేళ దానిలోంచి నురగ తప్ప ఇంకేమీ కనబడదు. పాటు వేళ తోరణం కాళ్ళు బయటపడతాయి, మడుగుల్లో చిన్న చేపలు, రాతి సందుల్లో పీతలు.

నేను మొదటిసారి వచ్చినప్పుడు పట్టిక చూడలేదు. మధ్యాహ్నం రెండింటికి చేరాను, నీరు ఎక్కుతోంది. తోరణం దగ్గర ఫొటో తీసుకుని వచ్చేద్దామని ఒక పలక రాయి మీదికి దిగాను. వెనక ఉన్న మడుగు నేను దిగినప్పుడు పిక్కల లోతు. పది నిమిషాల్లో తొడల దాకా వచ్చింది, దానిలో అల ఊగుతోంది. ఒడ్డు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కేక వేశాడు.

"ఏటి బాబూ, అక్కడే నిలబడిపోనావు! ఆ పొడుగు రాయి తడిసిందంటే మరి రానేవు. ఇటు సూడు, నానేటి సెప్తే అదే రాయి మీద కాలెయ్యి."

ఆయన వేలు చూపిన రాళ్ళ మీదే ఒక్కొక్క అడుగూ వేసి వచ్చాను. మోచెయ్యి చీరుకుపోయింది, గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఒడ్డుకి చేరాక ఆయన ఇంకేమీ అనలేదు. నీళ్ళు తాగమని సీసా ఇచ్చి, మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు. ఆయన చెప్పిన ఆ పొడుగు రాయిని ఇప్పటికీ ముందు చూస్తాను.

కాబట్టి ఇక్కడ పద్ధతి ఇదీ. రాళ్ళు చేరగానే దిగకండి. ఒడ్డున ఐదు నిమిషాలు నిలబడి అలలు లెక్కపెట్టండి. కొన్ని చిన్న అలల తర్వాత రెండు మూడు పెద్దవి వస్తాయి. పెద్దది ఎంతవరకు తడుపుతోందో అదే హద్దు. పాటు వేళకి గంటన్నర ముందు నుంచి పాటు వేళ దాకా దిగడానికి అనువు. నీరు తిరగబడిందంటే పైకి వచ్చేయండి. తెల్లగా పొడిగా ఉన్న రాయి మీదే కాలు మోపండి. గవ్వలు, గుల్లలు అంటుకున్న రాయి జారదు కానీ పాదం కోస్తుంది. పచ్చగా ఉన్నది అసలు ముట్టుకోవద్దు. తోరణం మీదికి ఎక్కకండి, అది లోపలినుంచి అరిగిపోతున్న రాయి. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగకండి. లోపల ఊరు ఉంది కదా, అడగండి. "నీరు తీస్తోందా, ఎక్కుతోందా బాబాయ్?" అని అడిగితే చెప్పనివారు లేరు.

మధ్యాహ్న భోజనం ఇక్కడే, సరుగుడు నీడలో.

తొట్లకొండ ఎక్కాలా

సముద్రానికి ఎదురుగా ఉన్న కొండే తొట్లకొండ. 1976లో నౌకాదళం పైనుంచి సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వారు. వాననీరు నిలవ చేసుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. స్తూపాలు, విహారాల పునాదులు, అక్కడినుంచి కనబడే సముద్రం చూస్తే ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. కానీ నడక రోజున ఎక్కొద్దని నా సలహా. ఎక్కి దిగడానికి గంటన్నర పోతుంది, మోకాళ్ళు అలిసిపోతాయి, దిబ్బల దగ్గర వెలుతురు మిగలదు. దానికి వేరే పొద్దు కేటాయించండి, దగ్గర్లోని మరో బౌద్ధారామం బావికొండతో కలిపి.

చేపలుప్పాడ దాటాక నౌకాదళం స్థలాలు వస్తాయి. బోర్డు గానీ కంచె గానీ కనబడ్డచోట వెంటనే రోడ్డెక్కండి, కెమెరా లోపల పెట్టండి. ఈ ముక్క తారు రోడ్డు మీద ఎండలోనే నడవాలి, వేరే మార్గం లేదు. మిగిలిన నీళ్ళలో సగం దిబ్బలకి దాచుకోండి.

ఎర్రమట్టి దిబ్బలు

కుడిపక్క నేల రంగు మారుతుంది. మొదట ఇటుక పొడిలా, తర్వాత పసుపూ కుంకుమా కలిపినట్టు. జీడిమామిడి, తాటిచెట్ల మధ్యనుంచి కిందికి దిగితే రెండు పక్కలా నిలువెత్తు ఎర్రటి గోడలు.

ఇది రాయిలా కనబడుతుంది కానీ రాయి కాదు. గాలి పోగేసిన ఇసుక. వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో సముద్రమట్టం తగ్గి ఒడ్డు దూరం జరిగినప్పుడు బయటపడిన ఇసుకని గాలి ఇక్కడికి మోసుకొచ్చింది. రేణువుల మీద ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కింది. తర్వాత వానలు కోసి ఈ సందులు చేశాయి. ఇలాంటివి తమిళనాడు తేరి ఇసుకల్లోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1886లోనే వీటి గురించి రాశాడు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి చేరాయి. ఇంత గుర్తింపు వచ్చినా, చుట్టూ నేల చదును చేసే పనులూ పిక్నిక్ ప్లాస్టిక్కూ ఆగలేదు.

రాలిపడిన పెళ్ళ ఒకటి అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉన్నట్టే ఉండి, ఒక్కసారిగా పిండిలా విడిపోతుంది. గోడ కూడా అంతే. అందుకే గోడ ఎక్కకూడదు, పేరు చెక్కకూడదు, అంచు మీద నిలబడకూడదు. మీరు తొక్కి రాల్చింది మళ్ళీ పేరుకోవాలంటే మంచుయుగం రావాలి.

సందుల్లో దారి తప్పడం చాలా తేలిక. ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది, ఫోను సిగ్నలు పోతుంది. ఒకే సూత్రం: పాదాల కింద వాగు ఏవైపు వాలిందో అటే నడవండి. చిన్న సందు పెద్ద సందులో కలుస్తుంది, పెద్దది సముద్రం వైపు దిగుతుంది. పైకి ఎక్కే పాయల్లోకి తిరగకండి. ముందురోజు వాన పడి ఉంటే లోపలికి వెళ్ళకుండా పైనుంచే చూసి వచ్చేయండి. తడిసిన గోడలు చెప్పకుండా కూలుతాయి. ముప్పావుగంట చాలు. మూడింటి ఎండ పక్కనుంచి పడితే గోడల మీద గీతలన్నీ విడివిడిగా కనబడతాయి.

భీమిలి

సముద్రంవైపు దిగితే చివరి నాలుగైదు కిలోమీటర్లు. ఇసుకలో నల్లటి, ఎర్రటి చారలుంటాయి. నల్లవి ఎక్కువగా ఇల్మనైట్ అనే ఖనిజం, ఎర్రవి గార్నెట్. పొద్దున కైలాసగిరి రాతిలో చూసినలాంటి పలుకులే, అరిగి ఇసుకై ఇక్కడ కాళ్ళ కింద ఉన్నాయి. నల్ల ఇసుక ఎండకి బాగా కాలుతుంది, శాండిళ్ళు విప్పకండి.

ఊళ్ళో అడుగు పెడుతుంటే దీపస్తంభం, తర్వాత డచ్చివాళ్ళ సమాధులు. గోపురాల్లా, స్తంభాల్లా కట్టిన గోరీల మధ్య గడ్డి. వర్తకానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. 1825లో డచ్చివాళ్ళు ఈ రేవుని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించారు. 1861లోనే భీమిలికి పురపాలక సంఘం ఏర్పడింది. ఇంకో పావుగంట ఉత్తరానికి నడిస్తే గోస్తనీ మొగ. బొర్రా గుహల దగ్గర కొండల్లోంచి దిగిన నీరు ఇక్కడ ఉప్పునీటిలో కలుస్తుంది. మొగ దగ్గర ఇసుక తిన్నె అంచులు లోపలినుంచి గుల్లగా ఉంటాయి, నీటి అంచుకి పోకండి. డాల్ఫిన్స్ నోస్ ఇక్కడినుంచి పొగమంచు లేని రోజున నీలి గీతలా కనబడుతుంది, లేకపోతే లేదు.

కాళ్ళు మంచినీళ్ళతో కడగండి. బొబ్బ ఉంటే ఈ రాత్రికి చిదమొద్దు. బస్టాండులో 900కె ఎక్కితే అదే బీచ్ రోడ్డు మీద విశాఖ చేరుస్తుంది. ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోండి. మంగమారిపేట వచ్చేసరికి మసకచీకటి పడి, ఎక్కిన నీటిలో ఆ రాళ్ళు చాలావరకు మునిగిపోయి ఉంటాయి.